సామాన్ల సాయిబు

మొయినుద్దీన్‌కి ఇల్లు నిలవదు. కొందరికి చేతిలో డబ్బు నిలవదు, కొందరికి నోట్లో మాట నిలవదు, మొయినుద్దీన్‌కి నెత్తిమీద కప్పు నిలవదు. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్ళలోనూ ఆయన దిగిన ఇళ్ళు, ఖాళీ చేసిన ఇళ్ళు కలిపితే ఒక చిన్న పేట అవుతుంది. ఆయన వృత్తి కుట్టుమిషన్లు బాగుచేయడం. కానీ మిషన్ల మొయినుద్దీన్ ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘సామాన్ల సాయిబు’ అంటే మాత్రం కిళ్ళీకొట్టు వాడు కూడా నవ్వేసి, "పొద్దున ఎక్కడున్నాడో చెప్పగలనండి. ఇప్పుడంటే కష్టం" అంటాడు.

ఆ సామాన్లు కట్టిందీ, విప్పిందీ, మళ్ళీ కట్టిందీ ఆయన భార్య లాల్ బీ. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టిన మనిషి. పెళ్ళయ్యేదాకా ఆమెకు తెలిసింది ఒక్కటే గడప. సంబంధం కుదుర్చుకునేటప్పుడు వాళ్ళ నాన్న, "అబ్బాయికి అలవాట్లేం లేవు కదా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. బీడీ లేదు, పేకాట లేదు, చాయ్ ఒక్కటే ఉందని చెప్పారు. ఇల్లు మారడం కూడా అలవాటు కిందికే వస్తుందని ఆ పెద్దమనిషికి తట్టలేదు. పాపం, ఎవరికి మాత్రం తడుతుంది?

కాపరానికి మొదట దిగింది బాపట్లలో, రథం బజారు పక్క సందులో. ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో లాల్ బీకి అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఒక సాయంత్రం మొయినుద్దీన్ నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చూసి "ఊఁ" అన్నాడు.

"ఏంటండీ?"

"ఇల్లు మంచిదే లాల్ బీ."

"మంచిదేగా మరి!"

"మంచిదే. కానీ ఈ ఇంట్లో చాయ్ తొందరగా చల్లారిపోతంది."

కొత్త పెళ్ళికూతురు కదా, మొగుడు సరసమాడుతున్నాడనుకుని కిసుక్కున నవ్వింది. పొద్దున లేచేసరికి గుమ్మంలో సామాన్లు మోసే దావీదు రిక్షాబండి నిలబడి ఉంది. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అప్పట్నుంచి లాల్ బీకి లోకంలో అన్నిటికంటే భయంకరమైన మాట ‘ఇల్లు మంచిదే’ అన్నది. ఆయన పైకి చూసి "ఊఁ" అంటే చాలు, ఆమె చేతులు వాటంతటవే గ్లాసుల్ని పాత చీరల్లో చుట్టేవి. కారణం మాత్రం ఏ ఇంటికా ఇంటికి కొత్తది. ఆ విషయంలో మొయినుద్దీన్ ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పి ఎరగడు.

తెనాలి చెంచుపేట ఇంట్లో రైలు కూత ఎడమ చెవికే వినిపిస్తోందన్నాడు. "కుడి చెవికి అసలు తగలదే. ఇట్టా కొన్నాళ్ళుంటే మనిషి ఒకవైపుకి ఒరిగిపోతాడు." ఐతానగర్‌లో కుక్కలు అడ్డొచ్చాయి. కరిచినందుకు కాదు, మొరగనందుకు. "నన్ను చూసి మొరగడం మానేశాయి లాల్ బీ. అంటే ఈ వీధికి మనం పాతబడిపోయాం." రేపల్లె ఇల్లయితే బంగారం లాంటిది, పెరట్లో తియ్యనీళ్ళ బావి. అక్కడ ఆయనకి రైలుతోనే పేచీ వచ్చింది. "తెనాలి నుంచి రైలొస్తుంది. ఇక్కడ ఆగిపోతుంది. పట్టాలే అయిపోయాయి. రోజూ పొద్దున్నే ముందుకి పోలేని రైల్ని చూస్తుంటే నాకు ఊపిరాడటం లేదు."

"రైలు పోకపోతే మీకెందుకండీ ఊపిరాడదు?"

"అది రైలునడుగు!"

ఇన్ని ఇళ్ళు మారిన మనిషికి తేదీలు గుర్తుండవు. మొయినుద్దీన్ కాలాన్ని కేలండరుతో కాక గుమ్మాలతో కొలిచేవాడు. కూతురు ఆఫ్రీన్‌ని బడిలో చేర్పించడానికి వెళితే హెడ్మాస్టరు కలం పట్టుకుని, "అమ్మాయి ఎప్పుడు పుట్టిందయ్యా?" అని అడిగాడు.

"రేపల్లెలో అండి. బావి ఉన్న ఇంట్లో."

"ఎక్కడని కాదు, ఎప్పుడని."

"అదేనండి చెబుతున్నా. మెట్ల ఇల్లు ఖాళీ చేసిన తర్వాత, రేకుల ఇంట్లోకి పోకముందు."

హెడ్మాస్టరు కలం మూసి లాల్ బీ వైపు తిరిగాడు. ఆవిడ నయం, నెలా సంవత్సరమూ చెప్పింది. కానీ పోను పోను ఆమెకూ ఆ జబ్బే అంటుకుంది. అత్తగారు పోయింది ఏ సంవత్సరమంటే చప్పున చెప్పలేదు. నీలం తలుపుల ఇంట్లో, వాన పడి వాకిలంతా బురదగా ఉన్నప్పుడంటే కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. ఆఫ్రీన్ మొదటిసారి నడిచింది రేకుల ఇంట్లో. తమ్ముడితో మాటలు పోయింది మేడ మీది వాటాలో, మళ్ళీ కలిసింది కాలవ గట్టు ఇంట్లో.

ఆ పిల్లతో ఇంకో చిక్కు. తండ్రిని "అబ్బా!" అని పిలిచేది. కొత్త ఇంట్లో దిగిన ప్రతిసారీ పక్కింటివాళ్ళు రెండ్రోజులు ఓపికపట్టి, మూడోరోజు వాము నీళ్ళు తెచ్చిచ్చేవారు. "పాపం, పిల్లకి పొద్దస్తమానం కడుపునొప్పి అనుకుంటాను. ఒకటే అబ్బా అబ్బా అంటంది" అని. వాళ్ళకి సంగతి తెలిసి నవ్వుకునేలోపే దావీదు బండి వచ్చేసేది. కొత్త వీధి, కొత్త వాము నీళ్ళు.

ఊరు చూడ్డానికి పోయినా ఇదే గోల. సూర్యలంక సముద్రం చూపించమని లాల్ బీ బతిమాలగా బతిమాలగా ఒక ఆదివారం బయల్దేరదీశాడు. సగం దారిలో ఆటో ఆపించి దూకేశాడు. ఒక గోడకి టు-లెట్ బోర్డు కనిపించింది.

"ముందు సముద్రం చూద్దాం పదండి!"

"సముద్రం ఎక్కడికీ పోదు లాల్ బీ. ఈ బోర్డు రేపటికల్లా ఉండదు."

ఆరోజు ఆమె చూసింది వేరేవాళ్ళ వంటిల్లు, పడగ్గది, నీళ్ళ తొట్టి. మరోసారి బంధువులతో కలిసి అజ్మీరు దర్గాకి వెళ్ళొచ్చాడు. అందరూ చుట్టూ చేరి, "ఎట్టా ఉంది భాయీ?" అని భక్తిగా అడిగారు. "బ్రహ్మాండం. దర్గాకి పోయే సందులో మూడో ఇల్లు చూడాలి, తూర్పు వెలుతురు!" అన్నాడు.

కాలం గడిచింది. దావీదు రిక్షాబండి ట్రాలీ ఆటో అయింది. ఆఫ్రీన్ టీచరుద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని గుంటూరులో స్థిరపడింది. స్థిరపడటమంటే మామూలుగా కాదు. మంచం జరపాలన్నా మొగుణ్ణి జరపనివ్వదు. బాపట్ల జిల్లా కేంద్రం అయ్యాక అక్కడ ఇళ్ళు దొరకడం గగనమైపోయింది. మొయినుద్దీన్ దంపతులు చివరికి తెనాలి గంగానమ్మపేటలో లక్ష్మీనరసింహం మాస్టారి వెనక వాటాలో దిగారు. ముందు భాగంలో మాస్టారు, ఆయన భార్య దుర్గాంబ. వెనక రెండు గదులు, ఒక వసారా, కరివేపాకు చెట్టు.

మాస్టారు తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది కానీ వ్యాకరణం ఆయన్ని వదల్లేదు. లాల్ బీ దిగిన వారానికి భయం భయంగా వెళ్ళి, "మాస్టారూ, గోడకి ఒక మేకు కొట్టుకోవచ్చా అండీ?" అని అడిగింది. అద్దెకున్నవాళ్ళు మేకు కొట్టుకుంటామంటే ఇంటివాళ్ళు తమ నెత్తిన కొట్టినట్టు చూస్తారని ఆమెకు అనుభవమే. అందుకే పుట్టింటివాళ్ళిచ్చిన మక్కా మదీనా పటం ఇన్నేళ్ళుగా ట్రంకుపెట్టె మీద గోడకి జారబడి ఉండేది. మాస్టారు మాత్రం, "దానికేం తల్లీ!" అన్నాడు. మేకు అనే మాటకి పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, ఆ తర్వాత సుత్తి తెచ్చిచ్చాడు. పటం గోడెక్కింది. లాల్ బీ దానివంక చూసుకుంటూ ఆ పూట అన్నం అడుగంటించింది.

ఇంకేముంది, ఇల్లు కుదిరిందనుకుంది. దుర్గాంబగారితో స్నేహం కుదిరింది. మధ్యాహ్నాలు ఇద్దరూ కరివేపాకు చెట్టు కింద కూర్చుని, ఈవిడ చెప్పే కబుర్లు ఆవిడా, ఆవిడ చెప్పే కబుర్లు ఈవిడా విని నవ్వుకునేవారు.

అట్లాంటి ఒక సాయంత్రం మొయినుద్దీన్ మిషన్ల సంచీ మూలన పెట్టి, మంచం మీద వాలి, పైకప్పు వంక చూశాడు.

"ఊఁ."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"ఇల్లు మంచిదే లాల్ బీ."

"అనకండి."

"మంచిదే. కానీ ఆ మేకు మరీ తేలిగ్గా దిగిందే. గోడలో సత్తువ లేదేమోనని..."

లాల్ బీ గరిటతో సహా బయటికొచ్చింది. ఆ కళ్ళు చూసి మొయినుద్దీన్ లేచి కూర్చున్నాడు.

"మేకు దిగబడింది. దాంతోపాటు నేనూ దిగబడ్డాను. ఇద్దర్నీ పీకడం మీ వల్ల కాదు. పోతే మీరు పోండి. మీ సంచీ, మీ నూనె డబ్బా పట్టుకుని ఏ ఊరు రైలెక్కుతారో ఎక్కండి. నేను రాను!"

జీవితంలో మొదటిసారి మొయినుద్దీన్‌కి కారణం దొరకలేదు. సంచీలోంచి కుట్టుమిషను షటిల్ ఒకటి తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలు తగ్గాయి. ఆయన చాయ్ నిజంగానే చల్లారిపోయేది, తాగడం మర్చిపోయి. పైకప్పు వంక కూడా చూడటం లేదు. వసారాలో నిలబడి రోడ్డు వంక చూస్తున్నాడు, ఎవరికో మాటిచ్చి తప్పినవాడిలా. లాల్ బీకి కోపం పోయి అనుమానం మొదలైంది.

దావీదు వచ్చింది అప్పుడే. మొయినుద్దీన్ ఇంట్లో లేడు. దావీదు ట్రాలీ వీధిలో ఆపి, అలవాటు ప్రకారం బీరువా ఎటునుంచి పట్టాలా అని చూస్తూ, "ఎప్పుడు పెట్టుకున్నారు వదినా?" అన్నాడు.

"ఏంటి ఎప్పుడు?"

"సామాను. ఆ పిల్ల చంటిబిడ్డతో సత్రంలో ఉంది గదా, అక్కడ ఇంక ఉండనివ్వరంట..." అని, లాల్ బీ మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. "అంటే... అన్నయ్య చెప్పలేదా?"

"ఏ పిల్ల? కూర్చో దావీదూ."

"పనుంది వదినా."

"కూర్చో అన్నాను."

కూర్చున్నాడు. లాల్ బీ చాయ్ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. తాగడం అయ్యేసరికి దావీదు చెప్పడమూ అయింది.

"వదినా, ఇన్నేళ్ళలో మీ సామాను దించి నేను ఖాళీ బండితో ఇంటికి పోవడం ఎప్పుడైనా చూశారా? మిమ్మల్ని కొత్తింట్లో దించేవాణ్ణి. అక్కణ్ణుంచి పోయి ఇంకొకళ్ళ సామాను ఎక్కించుకుని, మీరు ఖాళీ చేసొచ్చిన ఇంట్లోనే దించేవాణ్ణి. ప్రతిసారీ అంతే. ఆ ఇల్లు ఒక పూట కూడా తాళం పడి ఉండేది కాదు."

మిషను బాగుచేయడానికి ఇంటింటికీ తిరిగే మనిషి దగ్గర ఆడవాళ్ళు కష్టం చెప్పుకుంటారు. మొగుడు దుబాయి పోయి మరి పలకని సుల్తానాకి రేపల్లెలో ఎవరూ ఇల్లివ్వలేదు. బాపట్లలో నాటకాలకి హార్మోనియం వాయించే హనుమయ్యకి, ఆ పెట్టె చూసే ఇంటివాళ్ళు తలుపేసేవారు. కులం అడిగి ఇవ్వనివాళ్ళు, మతం అడిగి ఇవ్వనివాళ్ళు. ఇప్పుడు కీర్తన. కర్లపాలెం పిల్ల. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలి, చంటిదానితో, కుట్టుమిషనుతో తెనాలి వచ్చింది. ఎక్కడికెళ్ళినా ముందు ‘మీ ఆయన ఏం చేస్తుంటారు?’ అని అడుగుతున్నారు.

"మరి వాళ్ళకే కొత్త ఇల్లు చూడొచ్చుగా? మేం లేవడం ఎందుకు?"

"నేనూ అదే అడిగా. తెలియని ఇంటికాడ నా మాటా పరాయి మాటే దావీదూ అన్నాడు. ఉన్న ఇంట్లో అయితే ఇంటాయనకి మన సంగతి తెలుసు గదా, నా మనిషి అని చెబితే కాదనలేడు అంట."

దావీదు వెళ్ళిపోయాక లాల్ బీ చాలాసేపు పొయ్యి వెలిగించలేదు. మొయినుద్దీన్ వచ్చాడు. ఆమె దావీదు ఊసెత్తకుండా అన్నం వడ్డించింది. మర్నాడు పొద్దున్నే మంచి చీర కట్టుకుని నిలబడింది.

"నన్ను రేపల్లె తీసుకెళ్ళండి."

"ఎందుకూ?"

"ఇళ్ళు చూడ్డానికి."

మొయినుద్దీన్ మొహం చేటంత అయింది. "టు-లెట్ ఉందా ఎక్కడైనా?"

"పాతవి" అంది లాల్ బీ. చేట కాస్తా చిట్టిగిన్నె అయింది.

రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె బయటికే చూస్తోంది. జంపని దాటింది, వేమూరు దాటింది. ఆయనే ఉండబట్టలేక, "ఆరోగ్యం బాగానే ఉందా?" అని రెండుసార్లు అడిగాడు.

బావి ఉన్న ఇంటి గుమ్మంలోనే మిషను చప్పుడు వినిపించింది. సుల్తానా జుట్టు సగం నెరిసింది. వీళ్ళని చూడగానే కుడుతున్న గౌను పక్కన పడేసి, "రండి రండి వదినా! అన్నయ్యకి ఇంకా ఇల్లు కుదరలేదా?" అని పకపకా నవ్వింది. చాయ్ పెట్టింది. పెద్దాడు పోలీసు సెలక్షన్‌కి తయారవుతున్నాడని చెప్పింది. "నిజం చెప్పొద్దూ వదినా, అన్నయ్య పిచ్చి నా పాలిట వరమైంది. ముందుకి పోని రైలుని చూడలేక ఇంత మంచి ఇల్లు ఎవరన్నా వదులుకుంటారా? ఆయన వద్దనుకోబట్టి నాకు దక్కింది. నాకే గనక ఆ ఊపిరాడని జబ్బుంటే ఏమైపోయేదాన్నో!"

లాల్ బీ గ్లాసు పట్టుకుని ఆ మనిషినే చూస్తోంది. సుల్తానా మొహంలో మొహమాటం లేదు, రుణపడిన వంకర లేదు. ఇల్లు తన అదృష్టం కొద్దీ దొరికిందనుకుంటోంది. అందుకే ఇంత గట్టిగా నవ్వగలుగుతోంది. ఎదురుగా మొయినుద్దీన్ తలొంచుకుని, బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి మునిగిపోతే వేలుతో వెతుక్కుంటున్నాడు.

"అవునమ్మా, ఆయనదో పిచ్చి" అంది లాల్ బీ.

బయటికొచ్చి బాపట్ల బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయనే అడిగాడు. "దావీదు చెప్పాడా?"

"నాకు మీరెందుకు చెప్పలేదు? వద్దంటాననా?"

"వద్దనవని తెలుసు. చెబితే నువ్వు మంచిదానివి కాబట్టి అప్పుడప్పుడూ వాళ్ళని చూడ్డానికి పోతావు. వాళ్ళు నిన్ను చూడంగానే లేచి నిలబడతారు. అది నాకిష్టం లేదు." బస్సొచ్చే దారి వంక చూశాడు. "మా అమ్మ నన్ను వెంటేసుకుని ఇళ్ళడిగేది. కూరగాయలు బేరమాడేటప్పుడు అమ్మ గొంతు వీధి చివరికి వినపడేది. ఇల్లడిగేటప్పుడు ఆ గొంతు కాదు. వేరే గొంతు. పక్కనే ఉన్న నాకే వినపడేది కాదు. ఇప్పటికీ ఆ గొంతు ఎవరి దగ్గర విన్నా, నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదే."

బస్సొచ్చింది. ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. చెరుకుపల్లిలో చంటిబిడ్డతో ఒకావిడ ఎక్కింది. మొయినుద్దీన్ చప్పున లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. లాల్ బీ ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని, బిడ్డని తన ఒళ్ళోకి తీసుకుని చూస్తే, సీటు చివర ఇంకా మనిషి పట్టే చోటుంది. ఆయన మాత్రం కర్లపాలెం దాటినా ఊగుతూ నిలబడే ఉన్నాడు.

బాపట్లలో కొత్త కాపరం పెట్టిన సందు గుర్తుపట్టడానికే కష్టమైంది. ఆ ఇంటి చోట మందుల షాపు, పైన రెండంతస్తులు. కానీ రెండు వీధుల అవతల, నీలం తలుపుల ఇంట్లోంచి హార్మోనియం వినిపిస్తోంది. హనుమయ్య పళ్ళన్నీ ఊడినా పద్యం ఊడలేదు. గోడలవతల లాల్ బీ నిలబడి వింది. అత్తగారు కన్నుమూసిన గది అది. ఇల్లు వదిలిన ప్రతిసారీ తన జీవితంలోంచి ఒక ముక్క ఊడి అక్కడే పడిపోయిందని ఆమె ఎన్నోసార్లు ఏడ్చింది. ఇప్పుడు ఒక ముక్కలో మిషను తిరుగుతోంది, ఒక ముక్కలో పాట సాగుతోంది. ఏదీ పాడుబడి లేదు.

"బాగా వాయిస్తున్నాడు కదూ" అన్నాడు మొయినుద్దీన్, నేరం చేసినవాడిలా.

"శ్రుతి తప్పింది. అయినా బాగుంది" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, అసలు గొంతుతో మొదలుపెట్టింది. "అంతా బాగానే ఉంది గానీ, మీకు లేవడం తప్ప జరగడం తెలియదా? బస్సులో చూశారుగా. నేను కాస్త జరిగితే ముగ్గురం కూర్చునేవాళ్ళం. మీరేమో ఉలిక్కిపడి లేచి చెరుకుపల్లి నుంచి బాపట్ల దాకా గబ్బిలంలా వేలాడారు. ఆ పిల్ల కోసం ఇల్లు ఖాళీ చేయడం దేనికి? మనకి రెండు గదులెందుకు? ఒకటి ఆమెకిద్దాం."

మొయినుద్దీన్ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఈ ఉపాయం ఆయనకి తట్టలేదు. "మాస్టారు ఒప్పుకోవద్దా?" అన్నాడు చివరికి.

"ఆ సంగతి నాకొదిలేయండి. మీరు మాట్లాడితే మళ్ళీ రైలు, కుక్కలు అంటారు."

మర్నాడు ముందింటి వసారాలో పంచాయితీ జరిగింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ అమ్మాయికి భర్త ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడండి. అదే ఆ పిల్ల బాధ."

"అతగాడొచ్చి వీధిలో గొడవ చేస్తేనో?"

"రానివ్వండి మాస్టారూ. ఈయనతో ఇన్ని సంసారాలు ఎక్కించి దించినదాన్ని. బీరువా ఒక్క చేత్తో జరుపుతాను. వాడెంత!"

మాస్టారు ఇంకా నసుగుతున్నాడు. ఈలోగా దుర్గాంబగారు లోపల్నుంచి ఒక చేతిసంచీ తెచ్చి ఆయన ముందు బోర్లించింది. రంగురంగుల జాకెట్టు గుడ్డలు గుట్టగా పడ్డాయి. "చూశారా? బీరువాలో మగ్గిపోతున్నాయి. బజార్లో ఇస్తే ఒక పండక్కిమ్మంటే ఇంకో పండక్కిస్తాడు, అదీ చంకలో పట్టేసేట్టు. ఇంట్లోకి నడిచొచ్చే టైలర్ని వద్దంటారేమిటండీ? రమ్మను లాల్ బీ, రమ్మను."

"సరే కానీ," అన్నాడు మాస్టారు, ఓడిపోయినా పండితుడు పండితుడే కాబట్టి, "వాటాలో వాటా అంటున్నారు. ‘లో’ షష్ఠీ విభక్తి. ఇది నిర్ధారణ షష్ఠి అవుతుందా కాదా అని..."

"మీరు నిర్ధారించేలోపు ఆ పిల్ల సామాను దింపేసుకుంటుంది" అంది దుర్గాంబగారు.

అట్లాగే జరిగింది. దావీదు ట్రాలీలో ఒక మిషను, ఒక ఉయ్యాల, రెండు మూటలు వచ్చాయి. దించడం అయ్యాక అతను చేతులు దులుపుకుని, "మరి మీ సామాను ఎటు పోవాల వదినా?" అని అడిగాడు. ఎటూ పోవక్కర్లేదని చెబితే అర్థం చేసుకోవడానికి అతనికి ఇంకో చాయ్ పట్టింది.

కీర్తన గది మధ్యలో బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. సన్నగా, భయంగా ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. "మీకు ఇరుకైపోతుందేమో పిన్నీ. మీరేదో జాలిపడి..." అంది. మాట గొంతు దాటి సరిగ్గా బయటికి రాలేదు. పక్కనున్న మొయినుద్దీన్ తల పక్కకి తిప్పుకున్నాడు. లాల్ బీకి అర్థమైంది, ఆయన చెప్పిన గొంతు ఇదేనని.

"జాలా? నా మొహం!" అంది లాల్ బీ నడుమున చేతులు పెట్టుకుని. "నా అవసరం కొద్దీ రమ్మన్నానమ్మా. ఈయన గురక విన్నావంటే నీకే తెలుస్తుంది. రోడ్డు రోలరు నయం. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే పడ్డాను. కష్టం పంచుకోడానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలని నేనే పట్టుబట్టాను. నువ్వే ఓర్చుకోవాలి."

కీర్తన నమ్మీ నమ్మనట్టు మొయినుద్దీన్ వంక చూసింది. పుట్టిన్నుంచి పిల్లిలా నిశ్శబ్దంగా పడుకునే మొయినుద్దీన్ ఒక్క క్షణం భార్య వంక చూశాడు. తర్వాత గంభీరంగా తలాడించాడు.

"నిజమేనమ్మా. చాలా పెద్ద గురక. డాక్టర్లు కూడా చేతులెత్తేశారు."

కీర్తన మొహంలోకి మొదటిసారి నవ్వొచ్చింది. బిడ్డని ఉయ్యాలలో వేసి, "మా నాన్నకీ ఉండేదిలే బాబాయ్, నాకలవాటే" అంటూ మూట విప్పడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొయినుద్దీన్ వసారాలో నడుం వాల్చాడు. అన్న మాట నిలబెట్టుకోవాలి కదా. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, తనకు తెలిసిన ఒకే ఒక్క చప్పుడుని ఆదర్శంగా పెట్టుకుని గురక ఎత్తుకున్నాడు. లాల్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముందింట్లోంచి దుర్గాంబగారి కేక వినిపించింది: "కీర్తనా, అప్పుడే మిషను తొక్కడం మొదలెట్టావా తల్లీ? ఆ ఆకుపచ్చది ముందు కుట్టు!"